మూడో చీర

రాజమండ్రిలో వెంకటరత్నం గారి ముందు కూర్చుని చీర కొనుక్కున్న ప్రతి ఆడమనిషికీ ఆ చీర తనే ఎంచుకున్నానన్న నమ్మకం ఉండేది. ముప్పై ఎనిమిదేళ్ళపాటు ఆ నమ్మకాన్ని చెక్కుచెదరకుండా కాపాడిన మనిషి ఆయన. కొట్టు ఆయనది కాదు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం ఆయన ఉద్యోగం. వచ్చినావిడ చెప్పులు విడిచి కూర్చునేలోపలే ఆమె ఏ చీరతో బయటికి వెళ్ళాలో ఆయన మనసులో తేలిపోయేది. ఆ చీరని మాత్రం ముందు తీసేవారు కాదు. మొదట కళ్ళు జిగేల్‌మనే జరీ చీర ఒకటి పరిచి, "ఇది మీకు బరువండీ, ఊరికే చూస్తారని తీశాను" అనేవారు. దాని పక్కన వెలవెలబోయే చీర ఒకటి వేసి ఊరుకునేవారు. మూడోదాన్ని సగం మడత విప్పి, కొంగు కాస్త బయటికి లాగి, ఎవరికో తీసిపెట్టినది పొరపాటున చేతికొచ్చినట్టు మళ్ళీ బీరువాలో పెట్టెయ్యబోయేవారు. "అదేదో చూపించండి" అని ఆవిడే అడిగేది. అడిగిందంటే ఇక అయిపోయినట్టే.

ఆయన అబద్ధం ఆడేవారు కాదు. రంగు దిగుతుందంటే దిగుతుందనే చెప్పేవారు. ఏ మాట ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అన్నది మాత్రం తన చేతిలో పెట్టుకునేవారు.

కొట్లో పద్ధతిని కొట్లోనే వదిలేసి రావడం ఆయనకి చేతకాలేదు. "కాకరకాయ తింటావా?" అని కూతుర్ని ఆయన ఏనాడూ అడగలేదు. "వేపుడు చేయించమంటావా, పులుసు పెట్టించమంటావా?" అని అడిగేవారు. ఏడేళ్ళ హైమవతి గంభీరంగా ఆలోచించి, వేపుడని తీర్పు చెప్పేది. ఆయన భార్య మాణిక్యం గారు ఈ విద్యలో ఆయనకంటే రెండాకులు ఎక్కువే చదివారు. పుట్టింటికి వెళ్ళాలనిపిస్తే ఆ మాట అనకుండా, "మా అన్నయ్యని పది రోజులు ఇక్కడికి రమ్మననా, నేనే రెండ్రోజులు వెళ్ళి వచ్చెయ్యనా?" అనేవారు. హైమ పెద్దదై పరిశోధన చేస్తానన్నప్పుడు "విశాఖపట్నమా, ఢిల్లీయా?" అని వాళ్ళిద్దరి ముందూ పెట్టింది. విశాఖపట్నమైతే చాలమ్మా అని ఇద్దరూ సంతోషంగా రైలెక్కించారు. ఒకరంటే ఒకరికి ప్రాణం. నాకిది కావాలి అని నోరు తెరిచి అడగడం మాత్రం ఆ ఇంటా వంటా లేదు.

అటువంటి ఇంట్లో పుట్టిన పిల్ల 'వరస'ని తయారుచెయ్యడంలో వింతేమీ లేదు.

విశాఖలో ఒక పెద్దాసుపత్రి అయిదో అంతస్తులో హైమ పనిచేసే ప్రయోగశాల ఉంది. వరస అంటే చూడ్డానికి ఒక గాజు, ఒక పలక, అంతే. గాజు రోగి చేతికి తొడుగుతారు. పలక డాక్టరు ముందుంటుంది. గాజు నాడినీ, చెమటనీ, వేళ్ళ వణుకునీ పసిగడుతుంది. పలకకున్న చిన్న కెమెరా కనుపాప ఎంత విచ్చుకుందో చూస్తుంది. ఇవన్నీ కలిసి పలక మీద ఒక ముల్లయి, తక్కెడ ముల్లులాగే అటూ ఇటూ ఊగుతుంది. మనిషి మనసు ఎటు ఒరుగుతోందో ఆ ముల్లు చూపిస్తుంది. ఆ తర్వాత ఏ వాక్యం అంటే ముల్లు మనకి కావలసిన వైపు వస్తుందో దాని కింద అక్షరాలు చూపిస్తాయి.

నర్సీపట్నం దగ్గర్నుంచి ఒకావిడ వచ్చింది. గుండెకి ఆపరేషన్ చెయ్యాలి. ససేమిరా అని కూర్చుంది.

"పదిమందిలో ఒకలు పోతారంట కదమ్మా. ఆ ఒకలూ నానే. నాకు తెల్దేటి?" అంది.

హైమ ఆమె చేతికి గాజు తొడిగి, పలక కేసి చూసింది. ముల్లు 'వద్దు' వైపు అంటుకుపోయి ఉంది. పలక చెప్పినట్టే ముందు ఆవిడ జీడితోట సంగతి అడిగింది. కాయలు ఎప్పుడు దిగుతాయి, తోటకి ఎంత దూరం నడవాలి అని అడిగింది. ఆపరేషన్ చేయించుకున్న పదిమందిలో తొమ్మిదిమంది మూడు నెలలకి తమ పనుల్లో పడ్డారని చెప్పింది. తర్వాత ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. ఆ నిమిషం కూడా పలక చెప్పిందే. పోయే ఒక్కరి మాట చివర్న చెప్పింది. దాచలేదు. అంతకుముందు డాక్టరు చెప్పిన లెక్కే, వెనకది ముందుకు వచ్చిందంతే. ముల్లు మెల్లగా లేచి నడుమకొచ్చి, అటు వాలింది.

"సేయించుకుంతానమ్మా," అంది ఆవిడ. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "ఎవులూ సెప్పలేదు. నానే ఆలోసించుకున్నాను," అని గర్వంగా చెప్పింది. హైమ తల ఊపింది.

ఆవిడ బతికింది. తోటకి వెళ్ళింది. మరుసటి ఏడు ఒక సంచీడు జీడిపప్పు పంపింది కూడా. ప్రయోగశాల పెద్ద ఆచార్య విమలాకర్ ఆ పప్పు నములుతూ, ఆర్నెల్లుగా ఒక్క రోగి కూడా ఆపరేషన్ కాదనలేదని నివేదికలో రాసుకున్నారు. హైమకి కూడా సంతోషంగానే ఉండేది. మంచి జరుగుతున్నప్పుడు అది ఎలా జరిగిందని తరచి చూడాలని ఎవరికీ అనిపించదు.

ఆ వేసవిలో వెంకటరత్నం గారి గొంతు బొంగురుపోయింది. చల్లటి నీళ్ళు తాగానన్నారు, దుమ్మన్నారు, మిరియాల కషాయం తాగుతున్నానన్నారు. ఫోన్లో ఆ గొంతు విని హైమ మూడు వారాలు ఊరుకుంది. నాలుగో వారం, "నేను సెలవు పెట్టి రానా, మీరే విశాఖ వచ్చి సముద్రం చూసి వెళ్తారా?" అని అడిగింది. సముద్రమే చూస్తామన్నారు.

గొంతులో ఉన్నది క్యాన్సర్ అని తేలింది. డాక్టర్ నస్రీన్ ముక్కుసూటి మనిషి. ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పింది.

"రెండు దారులున్నాయండి. స్వరపేటిక తీసేస్తే, మీ దశలో ఉన్న పదిమందిలో ఏడుగురు అయిదేళ్ళు దాటి బతుకుతున్నారు. మీ గొంతు మాత్రం పోతుంది. మెడ దగ్గర చిన్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకోవాలి. ఆపరేషన్ వద్దనుకుంటే కిరణాల చికిత్స ఇస్తాం. గొంతు చాలావరకు నిలుస్తుంది. కానీ అయిదేళ్ళు దాటేవాళ్ళు నలుగురే."

వెంకటరత్నం గారు ఆలోచించడానికి గుక్కెడు నీళ్ళు తాగినంత సేపు కూడా తీసుకోలేదు.

"కిరణాలే ఇవ్వండి డాక్టరమ్మా. నోరు తెరవకుండా ఎవరు కొంటారండీ చీర?"

మాణిక్యం గారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హైమ బల్ల అంచు పట్టుకుంది. ఆ నలుగురిలో తన తండ్రి ఉండడని ఆమెకి ఎందుకో ఖాయంగా అనిపించింది. నర్సీపట్నం ఆవిడకి తను పోయే మనిషినని అనిపించినట్టే అనిపించింది. కానీ ఆవిడ ఎదురుగా కూర్చుని సర్దిచెప్పడానికి హైమ ఉంది. హైమకి సర్దిచెప్పడానికి ఎవరూ లేరు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, హైమ తన ఆసుపత్రి క్వార్టర్సు వరండాలో తండ్రి కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"రక్తపోటు చూస్తుంది నాన్నా," అంటూ గాజు తొడిగింది. ఆయనతో ఆమె ఆడిన మొదటి అబద్ధం బహుశా అదే.

ఒళ్ళో పలక పెట్టుకుని, అది చూపించిన వరసలోనే మాటలు మొదలెట్టింది. ముందు విదేశాల్లో కొత్త మందు ఒకటి వచ్చిందనీ, ఇంకా ప్రయోగాల్లోనే ఉందనీ, ఏడాదిపాటు అక్కడే ఉండాలనీ చెప్పింది. "అది మనకి బరువులే, ఊరికే చెప్తున్నాను," అంది. తర్వాత కిరణాల చికిత్స సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంది. కాసేపాగి, "ఆపరేషన్ గురించి నువ్వు వద్దన్నావు కాబట్టి ఇంక అనను. గొంతు పోతుంది, నిజమే. మాట పోదు. మాట రావడానికి వేరే దారులున్నాయి. సర్లే, వదిలెయ్," అని లేవబోయింది.

"ఏంటమ్మా ఆ దారులు?" అని ఆయనే అడిగారు.

ముల్లు ఊగింది. హైమ మళ్ళీ కూర్చుంది. గొంతులో అమర్చే చిన్న కవాటం గురించి చెప్పింది, సాధన చేస్తే గరగరమని మాట వస్తుందంది. నెలా రెండు నెలల్లో అమ్మతో కలిసి పుష్కరాల రేవు దాకా నడిచి వెళ్తావంది. ఏడుగురంది. ముల్లు అటు వాలిపోయి నిలబడింది.

"అయితే ఆపరేషనే చేయించుకుంటాను," అన్నారు వెంకటరత్నం గారు. ఆయన మొహం తేటగా, తేలిగ్గా ఉంది. మాణిక్యం గారు లోపల్నుంచి పరుగున వచ్చి మొగుడి భుజం పట్టుకుని ఏడ్చారు. ఆపరేషన్‌కి వచ్చే సోమవారం కుదిరింది.

హైమకి ఆ సంతోషం రెండు రోజులు నిలిచింది. మూడో రోజు పొద్దున్న కాఫీ కలుపుతుంటే, వరండాలో తండ్రి కొట్టు యజమానితో ఫోన్లో మాట్లాడుతున్నారు. "గొంతు పోతుందండీ, నిజమే. మాట పోదు. మాట రావడానికి వేరే దారులున్నాయి." ఆ తర్వాత తన తోడల్లుడితో మాట్లాడారు. "గొంతు పోతుంది, నిజమే. మాట పోదు." పాలు పోసే మనిషికి కూడా చెప్పారు. అవే మాటలు, అదే వరస. 'నిజమే' అన్నాక హైమ ఎంతసేపు ఆగిందో అంతే సేపు ఆగి మరీ చెప్పారు. తనకి తట్టిన మాటలు చెప్పుకుంటున్నంత ధీమాగా చెప్పారు.

పాలు పొంగి స్టవ్వు మీద పోయాయి. హైమ కట్టెయ్యలేదు. ఆ వరండాలో మాట్లాడుతున్నది తన తండ్రా, తనా అన్నది ఆమెకి తెలియకుండా పోయింది. సోమవారం తర్వాత ఆయన గొంతు ఇంక వినపడదు. మిగిలిన ఈ నాలుగు రోజులూ ఆ గొంతులో వినపడేది తన మాటలే.

గాజూ పలకా పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. మాణిక్యం గారు అక్కడే గోడకి ఆనుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"ఇది రక్తపోటుకి కాదు నాన్నా," అంది. మొత్తం చెప్పేసింది. ముల్లు చూపించింది. ఆ రోజు పలక మీద వచ్చిన వాక్యాలన్నీ చదివి వినిపించింది.

వెంకటరత్నం గారు ఒడిలో ఉన్న తుండుగుడ్డని అరచేత్తో సాపు చేసుకుంటూ విన్నారు. విదేశీ మందు దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది.

"బరువు చీర," అన్నారు. "దాని పక్కన వెలవెలబోయేది. మూడోది సగం విప్పి మళ్ళీ లోపల పెట్టెయ్యబోయావు. 'ఏంటమ్మా ఆ దారులు' అని నేనే అడిగాను." ఆయన తల పైకెత్తారు. "ఎంత బాగా పరిచావే!"

ఆయన మొహంలో ముందు కనిపించింది గర్వం. ఆయన తిట్టి ఉంటే హైమకి కాస్త సులువుగా ఉండేది. ఆ గర్వం నెమ్మదిగా తగ్గిపోయి, దాని కింద దెబ్బ తిన్న మొహం బయటపడింది.

"నాకే పరిచావా అమ్మడూ? బేరానికొచ్చినదాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి?"

"నువ్వు పోతావని భయమేసింది నాన్నా."

"ఆ మాట చెప్పొచ్చు కదే."

ఆయన తనే గాజు తీసుకుని చేతికి తొడుక్కున్నారు.

"తిరగేసి పరిచి చూపించు. నన్ను కిరణాల వైపు లాగు, చూద్దాం. ముందే తెలుసుగా నాకు, ఎలా పడతానో చూస్తాను."

హైమ వద్దంది. ఆయన వినలేదు. పలక మీద లక్ష్యం మార్చి, అది చెప్పినట్టే చదివింది. మెడ దగ్గర రంధ్రంతో మొదలెట్టింది. స్నానం చేసేటప్పుడు దాంట్లోకి నీళ్ళు పోకుండా చూసుకోవాలంది. వాసన తెలియడం తగ్గిపోతుందంది. ఆపరేషన్ చేయించుకున్నా పదిమందిలో ముగ్గురు అయిదేళ్ళు దాటడం లేదంది. గొంతుతో గడిపిన ఒక్క ఏడాది ఎన్ని మాటలో లెక్క చెప్పింది. అన్నీ నిజాలే. ఆయన పళ్ళు బిగించి, పలక కేసే చూస్తూ కూర్చున్నారు. ముల్లు నడుమకొచ్చింది. అటు దాటింది. కిరణాల వైపు వాలి అక్కడే నిలిచింది.

"నిజంగానే వద్దనిపిస్తోందే ఆపరేషన్," అన్నారు ఆయన. గొంతు పూర్తిగా లోపలికి పోయింది. "మొన్న నిజంగానే కావాలనిపించింది. ఇప్పుడు నిజంగానే వద్దనిపిస్తోంది. మరి ఇందులో నేనెక్కడున్నానే?"

ప్రయోగశాలలో ఎనిమిదిమంది మూడేళ్ళుగా పనిచేస్తున్నారు. ఈ ప్రశ్న వాళ్ళలో ఒక్కరూ వేసుకోలేదు. హైమ తల వంచుకుని, తండ్రి మోకాలు పట్టుకుని కూర్చుంది. చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది.

మొదట తేరుకున్నది వెంకటరత్నం గారే. కొట్లో ఎటూ తేలని బేరాలు ఆయనకి కొత్తకాదు.

"పెళ్ళిచీరలకి ఇంటిల్లిపాదీ వచ్చేవారమ్మా," అని మొదలెట్టారు. "పెళ్ళికూతురు పరిచిన ప్రతి చీరకీ ఊగిపోయేది. ఇదే అంటుంది, మరుక్షణం అది అంటుంది. దాని తప్పు కాదు, నేను పరిచేది అలాగ. అప్పుడు చీరలు చూడ్డం మానేసి మనుషుల్ని చూసేవాణ్ణి. వెనకాల ఎవరో ఒకరుంటారు. పిన్నో, మేనత్తో. ముందే ఒక చీర మీద చెయ్యి వేసుకుని కూర్చుంటుంది. నేనెన్ని పరిచినా ఆ చెయ్యి తియ్యదు. ఆఖరికి ఆవిడ చేతికింద ఉన్న చీరే కట్టి ఇచ్చేవాణ్ణి. ఒక్కళ్ళు కూడా వెనక్కి తెచ్చి మార్చుకోలేదు."

"పెళ్ళికూతుర్ని కాదని ఆవిడ మాటెందుకు నాన్నా?"

"ఆవిడకి చీరతో పనిలేదమ్మా. ఆ పిల్లతోనే పని."

ఆయన గాజు తీసి, హైమ చెయ్యి పట్టుకుని, చిన్నప్పుడు సంతలో మట్టిగాజులు తొడిగినట్టే జాగ్రత్తగా తొడిగారు. పలక తన ఒళ్ళో పెట్టుకున్నారు.

"అక్షరాలు నాకక్కర్లేదు. ముల్లొక్కటి చాలు," అన్నారు.

అప్పుడు వెంకటరత్నం గారు పరచడం మొదలెట్టారు. ముప్పై ఎనిమిదేళ్ళ పనితనమంతా కూతురి ముందు విప్పారు. కిరణాలే ఎంచుకున్నాననుకో అన్నారు. పొద్దున్న ఫోన్ చేస్తే, "హైమా, తిన్నావా?" అని అడిగే గొంతు ఈ గొంతే ఉంటుందన్నారు. అమ్మతో పోట్లాడితే నీకు వినపడేలా పోట్లాడతానన్నారు. నీ పుట్టినరోజుకి రాగం తప్పకుండా మంగళహారతి పాడతానన్నారు, రాగం తప్పకుండా ఏనాడూ పాడని మనిషి. ఎన్నాళ్ళన్నది పక్కన పెట్టు, ఉన్నన్నాళ్ళూ మీ నాన్న మీ నాన్నలాగే ఉంటాడన్నారు. ఆ బొంగురు గొంతే ఎక్కడ కిందికి దిగాలో అక్కడ దిగింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. హైమ కళ్ళంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. గోడ దగ్గర మాణిక్యం గారికీ అంతే.

ముల్లు ఆపరేషన్ వైపు నుంచి కదల్లేదు.

ఆయన వరస మార్చారు. ఏడుగురి లెక్కనీ నలుగురి లెక్కనీ ముందువెనకలు చేసి చెప్పారు. భయపెట్టారు. ఆపరేషన్ బల్ల మీదే పోతే అన్నారు. నవ్వించబోయారు. చివరికి కొట్లో ఎవరి మీదా వాడనిదొకటి బయటికి తీసి, "నా మీద ప్రేముంటే గొంతు ఉంచెయ్యవే," అన్నారు. హైమ వెక్కి వెక్కి ఏడ్చింది. నాడి ఎగిరింది, చెమట పట్టింది, వేళ్ళు వణికాయి. గాజు అవన్నీ పట్టింది. అయినా ముల్లు మేకు దిగ్గొట్టినట్టు ఉన్నచోటే ఉంది.

"చెడిపోయిందేమో," అంది హైమ ముక్కు తుడుచుకుంటూ.

"చెడలేదు," అన్నారు వెంకటరత్నం గారు. పలక మీద ముల్లుని వేలితో తడిమారు. "నీకేం కావాలో ఇప్పుడు చెప్పు. పరచొద్దు. చెప్పు."

హైమ నోరు తెరిచింది. అలవాటు లేని పని కావడంతో మాట వెంటనే రాలేదు.

"నువ్వు కావాలి నాన్నా. గొంతు లేకపోయినా, మాట్లాడకపోయినా, మెడకి రంధ్రం ఉన్నా. నువ్వు ఉండాలి. నాకు అదే కావాలి. నీకు ఇష్టం లేకపోయినా కావాలి."

వెంకటరత్నం గారు భార్య వైపు తిరిగి, "నీకూ తొడగనా?" అన్నారు.

"నా చేతికి పట్టదు ఆ గాజు," అన్నారు మాణిక్యం గారు పైటతో కళ్ళు ఒత్తుకుంటూ. "పట్టినా అక్కర్లేదు. ఆపరేషన్ చేయించుకోండి అని చెప్పడానికి నాకు యంత్రమెందుకు? అడిగితేగా ఎవరైనా చెప్పడానికి!"

ఆయన ఆ సాయంత్రం ఒక్కరే సముద్రం ఒడ్డు దాకా వెళ్ళి వచ్చారు. ఏం నిర్ణయించుకున్నారో చెప్పలేదు. అడిగే ధైర్యం హైమకి లేదు.

శనివారం పొద్దున్న హైమ అయిదో అంతస్తుకి వెళ్ళి విమలాకర్‌కి అంతా చెప్పింది. తండ్రి మీద వాడిన సంగతి కూడా దాచలేదు. రోగికి ముందే చెప్పాలనీ, ముల్లు రోగికీ కనపడాలనీ, రెండు వైపులా పరిచి చూపించాలనీ, లేకపోతే తను ఇందులో ఉండననీ చెప్పింది.

"అలా చేస్తే సగం మంది సంతకం పెట్టకుండా వెళ్ళిపోతారు," అన్నారు ఆయన. కఠినంగా అనలేదు. ఉన్నమాటే అన్నారు. "కొంతమంది చచ్చిపోతారు హైమా. ఆ జీడితోట ఆవిడ చచ్చిపోయుండేది."

"ఉండేదేమో సార్. ఆవిడ తనే ఆలోచించుకున్నాను అంది. నేను తల ఊపాను. ఆవిడ బతికినందుకు సంతోషం. తల ఊపినందుకు సిగ్గుగా ఉంది."

విమలాకర్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. "ముల్లు కదలని మనిషి ఉందన్నావు. ఎవరు?" అని అడిగారు చివరికి. తనేనని హైమ చెప్పింది. ఆయన ఏమీ రాసుకోలేదు. సోమవారం దాకా యంత్రాన్ని ఎవరి మీదా వాడొద్దని మాత్రం అన్నారు.

ఆదివారం సాయంత్రం ఆసుపత్రి గదిలో డాక్టర్ నస్రీన్ అంగీకారపత్రం తీసుకొచ్చింది. మాణిక్యం గారు మంచం మీద ఆయన పక్కనే కూర్చున్నారు. హైమ కిటికీ దగ్గర నిలబడింది. తండ్రి సంతకం పెడతారో, లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోతారో ఆమెకి అప్పటికీ తెలీదు.

నస్రీన్ పత్రంలోని వాక్యాలు ఒక్కొక్కటే చదివింది. స్వరపేటిక పూర్తిగా తొలగిస్తారని తెలుసు. సహజమైన గొంతు తిరిగి రాదని తెలుసు. వెంకటరత్నం గారు ప్రతిదానికీ తల ఊపుతూ వచ్చారు.

"ఆఖరిదండి. 'ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ నిర్ణయం తీసుకున్నాను.' అంతే కదా? మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేదు కదా?"

"పెట్టారండి," అన్నారు వెంకటరత్నం గారు. "మా అమ్మాయి."

నస్రీన్ కలం కింద పెట్టేసింది. హైమ వైపు ఒకసారి చూసి, "అలా అయితే నేను ఆపరేషన్ చెయ్యకూడదండి," అంది.

"కాస్త వినండి డాక్టరమ్మా. మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ బలవంతపెట్టం. ఎదటివాళ్ళకి తెలియకుండా వాళ్ళచేతే అనిపించేస్తాం. నా బతుకంతా అలాగే గడిచిపోయింది. ఎన్నిటికి ఒప్పుకున్నానో, అందులో నావి ఎన్నో నాకే తెలీదు. మొన్న మా పిల్ల నోరు తెరిచి, నువ్వు కావాలి అని అడిగింది. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారండి. నాకు గొంతు కావాలనే ఉంది, ఇప్పటికీ ఉంది. దానికి నేను కావాలట. రెండూ ఎదురుగా పెట్టుకుని చూసుకున్నాను, ఏదీ మడత పెట్టకుండా. చేయించుకుంటాను. కానీ ఒత్తిడి లేదని రాస్తే అది అబద్ధమండి. నేను అబద్ధం చెప్పి ఏదీ అమ్మలేదు."

నస్రీన్ కలం తీసుకుని, ఆ అచ్చు వాక్యాన్ని కొట్టేసి, పక్కన ఖాళీలో తన చేత్తో ఒక వాక్యం రాసి, పత్రం ఆయన చేతికిచ్చింది. "ఇది సరిపోతుందేమో చూడండి. పైకి చదవండి, మీ వాళ్ళు కూడా వినాలి," అంది.

వెంకటరత్నం గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు. ఆ గది మొత్తానికీ వినపడేలా, ఒక్కో మాటా విడివిడిగా చదివారు.

"'ఆపరేషన్ చేయించుకోమని నా కూతురు అడిగింది. ఆమె అడిగినందుకే చేయించుకుంటున్నాను. ఇది నా ఇష్టం.'"

చదివి, కింద సంతకం పెట్టారు.